గాజు తొట్టెలో వరిమడి: మట్టి అక్వేరియం అసలు ఎలా పనిచేస్తుంది

నాట్లేసిన నెలకు వరిమడిలో కాలు పెట్టి పైకి తీస్తే మడమకు అంటిన బురద రెండు రంగుల్లో ఉంటుంది. పైపైన గోధుమరంగు పొర ఒకటి, అది కూడా వేలి గోరంత మందం. దాని కిందంతా బూడిద కలిసిన నలుపు. ఒక దుబ్బు పీకి కడిగితే వేళ్లు తెల్లగా ఉండవు, తుప్పు పట్టిన సన్నని ఇనుప తీగల్లా ఎర్రగా కనిపిస్తాయి. రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మట్టి వేసి మొక్కలు పెంచే అక్వేరియంలో జరిగేది కూడా అచ్చంగా ఇదే. నీళ్ల కింద మునిగిన మట్టి, గాలి అందని చోటు, అక్కడికి ఆక్సిజన్ మోసుకెళ్లే వేళ్లు. మడికి గట్లు ఉంటాయి, దీనికి గాజు పలకలు ఉంటాయి.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మట్టి ట్యాంకు గురించి చాలా నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి. ఏ మట్టి వెయ్యాలి, ఎంత మందం వెయ్యాలి, పైన ఇసుక ఎందుకు పరవాలి, మొక్కను పీకకుండా కత్తిరించమని ఎందుకంటారు, ఇవన్నీ మడి తెలిసినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. ట్యాంకు పాడైనప్పుడు చాలామంది లైటునో ఫిల్టర్‌నో అనుమానిస్తారు. ఎక్కువసార్లు తప్పు అడుగున మట్టిలోనే ఉంటుంది. మట్టిలో బలం చాలక పాడైన ట్యాంకులు తక్కువ. బలం ఎక్కువై పాడైనవే ఎక్కువ.

నీళ్లు పెట్టాక మట్టికి ఏమవుతుంది

మట్టిని నీళ్లతో ముంచిన ఒకటి రెండు రోజుల్లోనే అందులోని ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడేస్తాయి. బయటి నుంచి కొత్తది రావడం చాలా నెమ్మది, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు ఊరుకోవు. ముందు నైట్రేట్‌ను, తర్వాత మాంగనీస్‌ను, ఆపైన ఇనుమును, ఆ తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటూ పోతాయి. చివరికి మీథేన్ దాకా వస్తుంది. మడిలో నడుస్తుంటే బుడగలు వచ్చేది అందుకే.

ఈ వరసలో మొక్కకు బాగా పనికొచ్చే మజిలీ ఇనుము. ఎర్రమట్టిలో ఇనుము పుష్కలంగా ఉన్నా అది తుప్పు రూపంలో ఉంటుంది, నీళ్లలో కరగదు, వేళ్లకు అందదు. ఆక్సిజన్ లేనిచోట అదే ఇనుము కరిగే రూపంలోకి మారుతుంది. దానికి అంటుకుని ఉన్న ఫాస్ఫరస్ కూడా విడుదలవుతుంది. ఎరువుల సీసాలు కొని నీళ్లలో చుక్కలు వేసేవాళ్లు అందించాలని చూసేది కూడా ఇలాంటి పోషకాలనే. మట్టి ఆ పనిని చీకట్లో తనే చేసుకుంటుంది.

నత్రజని సంగతి కూడా మడిలో లాగే. ఆకులు, వేళ్లు, చేపల మలం కుళ్లితే అమ్మోనియం వస్తుంది. ఆక్సిజన్ ఉంటే బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. బురదలో ఆక్సిజన్ లేదు కాబట్టి అమ్మోనియం అలాగే నిలిచి ఉంటుంది. వరి ఇష్టంగా తీసుకునేది అమ్మోనియాన్నే. నీటిమొక్కల్లో చాలావాటిదీ అదే అలవాటు. యూరియాను పైన చల్లకుండా గుళికలుగా బురదలోకి నొక్కితే వృథా తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. అక్వేరియంలో మట్టి మీద ఇసుక పరవడం వెనక ఉన్నదీ ఆ లెక్కే. పోషకం అడుగున ఉంటే వేరు తింటుంది, పైకొస్తే పాచి తింటుంది.

శ్రీలంకకు చెందిన మృత్తికా శాస్త్రవేత్త ఎఫ్.ఎన్. పొన్నంపెరుమ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి మునిగిన నేలల రసాయనాన్ని పరిశీలించి, 1972లో దాని మీద పెద్ద సమీక్ష రాశారు. ఆమ్ల నేలను ముంచితే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది, క్షార నేలను ముంచితే తగ్గుతుంది, కొన్ని వారాల్లో రెండూ 7కు దగ్గరగా వచ్చి నిలబడతాయి అన్నది ఆయన చూపించిన వాటిలో ముఖ్యమైనది. వరికి రాసిన మాటే అయినా అక్వేరియానికి కూడా పనికొస్తుంది. మొదటి వారం పీహెచ్ చూసి టెన్షన్ పడి మందులు పోయడం అనవసరం. మట్టి ఇంకా సర్దుకుంటూ ఉంటుంది.

మట్టి వేసి చేపలు పెంచడం ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకుంటారు గానీ, అక్వేరియం పుట్టిందే మట్టితో. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త పన్నెండు గ్యాలన్ల గాజుపాత్రలో ఇసుక, బురద, రాళ్లు వేసి, వాలిస్నేరియా అనే నీటిమొక్క నాటి, గోల్డ్ ఫిష్‌లను వదిలాడు. మొక్క ఇచ్చే ఆక్సిజన్‌తో చేపలు, చేపల వ్యర్థాలతో మొక్క బతుకుతాయా అని చూడటం ఆయన ఉద్దేశం. ముందు కుళ్లిన ఆకుల వల్ల నీళ్లు చెడిపోయాయి. చెరువు నత్తలు వేశాక కుదిరింది. నూటయాభై ఏళ్లు గడిచాక, 1999 నుంచి, అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టడ్ రాతల వల్ల ఈ పద్ధతి మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు దీన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

ఏ మట్టి వెయ్యాలి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటిసారి పెట్టేవాళ్లలో ఎక్కువమంది నర్సరీకి వెళ్లి కుండీల కోసం కలిపిన మట్టి బస్తా తెస్తారు. ఆ బస్తాలో సాధారణంగా కొబ్బరి పీచు పొడి, వర్మీకంపోస్టు, పశువుల ఎరువు, వేప పిండి ఉంటాయి, ఒక్కోసారి డీఏపీ అనే రసాయన ఎరువు గుళికలు కూడా. గులాబీకి అది విందు భోజనమే. నీళ్ల కింద మాత్రం ప్రతిదీ ఇబ్బందే. కొబ్బరి పీచు ఇసుకను తోసుకుని పైకి తేలుతుంది. వేప పిండి రొయ్యపిల్లలకు, నత్తలకు విషం, చేపలకూ మంచిది కాదు. డీఏపీ కరిగిందంటే వారం తిరక్కుండానే నీళ్లు పచ్చబడతాయి. పచ్చిగా ఉన్న పేడ ఎరువు కుళ్లుతూ అమ్మోనియాను ఎగదన్నుతుంది. చేపలు చనిపోతే దుకాణంలో ఇచ్చిన చేపలు బాగాలేవని అనుకుంటారు.

తెలుగు నేల మీద దొరికే ఎర్రమట్టి ఈ పనికి చాలా మంచి సరుకు. అందులో ఇనుము ఎక్కువ, కుళ్లే పదార్థం తక్కువ. అక్వేరియం పెంపకంలో 1980ల నుంచి జర్మన్లు ప్రచారంలోకి తెచ్చిన లేటరైట్ అనే మట్టి కూడా ఈ కుటుంబానిదే. ఆ పేరు పుట్టింది మన పక్కనే, కేరళలోని అంగడిపురంలో. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అక్కడి ఎర్రరాయిని వర్ణిస్తూ పెట్టిన పేరది. యూరప్‌లో డబ్బాల్లో అమ్ముడుపోయిన మట్టికి చుట్టాలు మన ఊళ్లలో బండ్లకొద్దీ ఉన్నారు.

ఎర్రమట్టికి ఇంకో సుగుణం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మునిగిన మట్టిలో సల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది వేళ్లకు విషం. మట్టిలో ఇనుము సరిపడా ఉంటే సల్ఫైడ్ దానితో కలిసి కరగని నల్లటి పదార్థంగా మారి అక్కడే కూర్చుంటుంది. ఇనుము కొట్టుకుపోయిన ఇసుక మడుల్లో వరి వేళ్లు కుళ్లే జబ్బును జపాన్ రైతులు అకియోచి అంటారు. దాని మూలం ఈ సల్ఫైడే. గాజు పక్కన మట్టిలో నల్ల మచ్చలు కనబడితే చాలామందికి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి ఆ నలుపు విషం పట్టుబడిన గుర్తు, ఆపద వచ్చిన గుర్తు కాదు.

నల్లరేగడి కూడా పనికొస్తుంది, కానీ జాగ్రత్తతో. పోషకాలను పట్టి ఉంచే శక్తి ఎర్రమట్టి కంటే దానికి చాలా ఎక్కువ. అయితే నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మెత్తని బంకలా మారి వేళ్లకు దారి ఇవ్వదు, చాలాచోట్ల సున్నపు గడ్డలు కలిసి ఉంటాయి. సున్నం కరిగే కొద్దీ నీళ్లు ఇంకా కఠినమవుతాయి. చౌడు పోవాలని జిప్సం వేసిన పొలం మట్టి అస్సలు వద్దు, జిప్సం అంటే సల్ఫేటే. మూడు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు రేగడి కలిపితే రెండింటి మంచీ వస్తుంది. చెరువు పూడిక మట్టి మరో మంచి దారి. మిషన్ కాకతీయ రోజుల్లో రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుపోయిన మట్టి అదే. ఏళ్ల తరబడి నీళ్ల కిందే ఉంది కాబట్టి అందులో కుళ్లాల్సింది చాలావరకు కుళ్లిపోయింది. ఊరి మురుగు కలవని చెరువుదైతేనే తేవాలి. పురుగుమందులు కొట్టే పత్తి, మిరప చేలలోంచి మాత్రం ఏ మట్టీ తేవద్దు.

ఇంటికి తెచ్చిన మట్టి ఎలాంటిదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఖాళీ లీటరు నీళ్ల సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, మూత బిగించి గట్టిగా ఊపి కిటికీ దగ్గర పెట్టాలి. నిమిషంలోపే ఇసుక అడుగుకు దిగుతుంది. దాని మీద కొన్ని గంటల్లో ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి దిగడానికి రాత్రంతా పడుతుంది, ఒక్కోసారి మర్నాడు కూడా నీళ్లు ఎర్రగానే ఉంటాయి. పైన పుల్లలు, ఆకు ముక్కలు, పీచు తేలతాయి. ఆ తేలేది ఒక వేలి మందం ఉందంటే ఆ మట్టిని అలాగే వాడకూడదు. ఇంకో పరీక్ష వెనిగర్‌తో. పొడి మట్టి మీద నాలుగు చుక్కలు వేస్తే బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. పైన పరిచే ఇసుకకూ ఈ పరీక్ష తప్పనిసరి. గవ్వల ముక్కలు కలిసిన సముద్రపు ఇసుక ఇక్కడే దొరికిపోతుంది.

మట్టిని జల్లెడ పట్టి, వెడల్పు బేసిన్‌లో నీళ్లు పోసి, తేలినదాన్ని పారబోసి, ఎండలో పలుచగా ఆరబెట్టాలి. ఆరాక మళ్లీ తడపాలి, మళ్లీ ఆరబెట్టాలి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే సులువుగా కుళ్లే పదార్థం ట్యాంకులో పడకముందే కుళ్లిపోతుంది. మన ఎండలకు రెండు వారాలు చాలు. ఓపిక లేక ఈ పని వదిలేసినవాళ్లకు ఆ కుళ్లే పని చేపల మధ్యే జరుగుతుంది. కంపోస్టు వెయ్యాలని మరీ అనిపిస్తే బాగా మాగిన వర్మీకంపోస్టు పది వంతుల మట్టికి ఒక వంతు చాలు. అది కూడా వెయ్యకపోతే ఏమీ కాదు, చేపలకు వేసే మేతే కొన్నాళ్లకు మట్టికి ఎరువవుతుంది.

మందం, ఇసుక, నీళ్లు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె మొదటిసారికి బాగుంటుంది. దానిలో సుమారు 56 లీటర్లు పడతాయి. మరీ చిన్న గిన్నెల్లో నీళ్లు త్వరగా చెడతాయి, చెడిన సంగతి తెలిసేలోపే చేప పోతుంది. మట్టి మూడు సెంటీమీటర్లు మించకూడదు. ఈ తొట్టెకు అది సుమారు అయిదు లీటర్ల మట్టి. దాని మీద అంతే మందం ముతక ఇసుక, అది ఎనిమిది కిలోలకు పైగా తూగుతుంది. గాజుతో సహా మొత్తం బరువు 65 నుంచి 70 కిలోలు. పాత చెక్క బల్ల మీద పెట్టే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఇసుక రవ్వలు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. గోడల పూతకు వాడే సన్న ఇసుక గట్టిగా పట్టేసి కిందికి గాలి, నీరు వెళ్లనివ్వదు. పెద్ద గులకరాళ్ల సందుల్లోంచి మట్టి పైకొస్తుంది. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఇసుకను కడగాలి. మట్టిని కాస్త తడిపి ముద్దగా పరిచి, మీద ఇసుక వేసి, రెండంగుళాల ఎత్తు నీళ్లు మాత్రమే పోసి మొక్కలు నాటాలి. ఆ తర్వాత పళ్లెం బోర్లించి దాని మీదుగా సన్నని ధారగా నీళ్లు నింపాలి. ఈ పది నిమిషాల ఓపిక లేక బకెట్ ఒక్కసారి కుమ్మరిస్తే ఇసుక గుంటలు పడి మట్టంతా పైకి లేస్తుంది. ఆ బురద తేరుకోవడానికి వారం పడుతుంది.

నీళ్ల విషయంలో తెలుగు ఊళ్లన్నీ ఒకటి కాదు. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో ఒక రోజు ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది, లేదా దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కానీ గీజర్ కాయిల్ మీద తెల్లటి పెంకు కట్టించే కాఠిన్యం ఉంటుంది. దాన్ని చూసి మొక్కలు బతకవని నిరాశపడాల్సిన పనిలేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటివి ఆ నీళ్లలో ఉండే బైకార్బనేట్ నుంచే తమకు కావలసిన కార్బన్ తీసుకోగలవు. ఇక ఆవిరై తగ్గిన నీళ్ల మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పు పోగుపడుతుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గిన నీళ్లకు ఆర్‌వో నీళ్లు పోయడం, మార్చే నీళ్లకు బోరు నీళ్లు వాడటం మంచి పద్ధతి.

మొదటి ఆరు వారాలు

మట్టి ట్యాంకు బతుకు ఈ ఆరు వారాల్లోనే తేలిపోతుంది. మట్టి నుంచి అమ్మోనియా కొంత ఎలాగూ వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కాపాడేది మొక్కలే. అందుకే మొదటి రోజే ఇసుక కనబడనంత గుబురుగా నాటాలి. నాలుగు మొక్కలు నాటి అవే పెరిగి నిండుతాయిలే అనుకుంటే, అవి నిండేలోపు పాచి నిండుతుంది. నారు పలుచగా వేసిన మడిని కలుపు ముంచెత్తడం ఎలాగో ఇదీ అలాగే.

అమ్మోనియా ఎంత ప్రమాదం అన్నది పీహెచ్ మీద ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది వందకు ఒక వంతు కూడా కాదు, మిగతాదంతా హాని తక్కువైన అమ్మోనియం. పీహెచ్ 8 అయితే ఆ విష వాటా దాదాపు పది రెట్లై అయిదు శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల 8కి అటూ ఇటూ ఉంటాయి. కాబట్టి కాఠిన్యం లేని మెత్తటి నీళ్ల దేశాల్లో రాసిన ధైర్యం మాటలు ఇక్కడ పూర్తిగా చెల్లవు. మొదటి రెండు వారాలు వారానికి రెండు మూడుసార్లు సగం నీళ్లు మార్చడం, నాలుగో వారం దాకా చేపలు వేయకపోవడం క్షేమం. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే అది ఖరీదైన లైటు కంటే ఎక్కువ చేపల ప్రాణాలు కాపాడుతుంది.

ఈ రోజుల్లోనే ఇంకో భయం. నాటిన పదో రోజుకు క్రిప్టోకోరైన్ ఆకులు గాజులా పారదర్శకంగా మారి జారిపోతాయి. మొక్క చచ్చిందని పీకి పారేస్తారు. నర్సరీల్లో ఈ మొక్కలను చాలావరకు నీళ్ల బయట, తేమలో పెంచుతారు. గాలిలో పెరిగిన ఆకు మందంగా, మైనపు పూతతో ఉంటుంది, అది నీళ్లలో పనిచేయదు. దాన్ని వదిలేసి నీళ్లకు తగిన పలుచని ఆకు వేసుకుంటుంది. వేరు గట్టిగా ఉంటే మూడు వారాల్లో కొత్త చిగురు వస్తుంది. కుళ్లిన ఆకులను మాత్రం తీసేస్తూ ఉండాలి.

మొదట నాటడానికి తొందరగా పెరిగేవే సరి. వాలిస్నేరియా, లిమ్నోఫిలా, రోటాలా, నీటిపై తేలే హార్న్‌వర్ట్ లాంటివి. మన చేల గట్ల మీద పాకే నీరు బ్రాహ్మి బకోపా పేరుతో అక్వేరియం దుకాణాల్లో అమ్ముడవుతుంది, మడుల్లో కలుపుగా పీకే చికిలింత జాతి మొక్కలే అడుగున పచ్చిక తివాచీ కోసం కొంటారు. చెరువులోంచి తెచ్చుకోవచ్చు, కానీ లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, వారం రోజులు వేరే తొట్టెలో ఉంచాలి. లేకపోతే తూనీగ లార్వాలు వస్తాయి. నీళ్లలో ఉన్న తూనీగ పిల్ల చేపపిల్లలను వేటాడి తింటుంది. అనుబియాస్, జావా ఫెర్న్‌లను మట్టిలో పాతకూడదు, దుంప కుళ్లుతుంది. రాయికో చెక్కకో దారంతో కట్టాలి.

లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. వాల్‌స్టడ్ పద్ధతిలో మధ్యాహ్నం లైటు ఆపే విరామం ఒకటి ఉంటుంది. ఉదాహరణకు ఉదయం నాలుగు గంటలు, మధ్యలో నాలుగు గంటల చీకటి, మళ్లీ నాలుగు గంటలు వెలుగు. గాలి నుంచి నీళ్లలో కరిగే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము దాకానే ఉంటుంది, మొక్కలు దాన్ని కొన్ని గంటల్లో లాగేస్తాయి. విరామంలో మట్టి కుళ్లడం వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ పోగవుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొనలేనివాళ్లకు మట్టే సిలిండర్.

దుకాణాల్లో ఆక్వా సాయిల్ పేరుతో దొరికే కాల్చిన మట్టి గుళికల గురించి కూడా ఒక మాట. జపాన్‌లోని నీగాతాకు చెందిన ఫొటోగ్రాఫర్ తకాషి అమానో 1982లో పెట్టిన కంపెనీ వల్ల ఈ గుళికలకు, వాటితో పెట్టే ట్యాంకులకు ప్రపంచమంతా పేరొచ్చింది. గుళికలు నీళ్లను మెత్తబరుస్తాయి, బురద చేయవు, మొక్క పీకి మళ్లీ నాటినా ఏం కాదు. డిజైన్ తరచూ మార్చేవాళ్లకు అవే మేలు. అయితే కఠినమైన బోరు నీళ్లు పోస్తే ఆ మెత్తబరిచే శక్తి త్వరగా అయిపోతుంది, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం రాదు. మామూలు మట్టి చవక, ఎక్కువకాలం నడుస్తుంది, కానీ కదిలించనివాళ్లకే పనికొస్తుంది.

కదిలించకుండా కాపాడటం

నడిచే మట్టి ట్యాంకులో పని తక్కువ. ఇసుకలోకి సైఫన్ గొట్టం గుచ్చి శుభ్రం చేయకూడదు. పైపై చెత్తను తీస్తే చాలు. మొక్క పెరిగితే వేరుతో లాగకుండా కాడను కత్తిరించి కొసను నాటాలి. పెద్ద అమెజాన్ స్వార్డ్‌ను వేరుతో పీకితే దానితో పాటు గుప్పెడు మట్టి పైకొస్తుంది, ఆ వారమే నీళ్లు పచ్చబడతాయి. నీళ్లు రెండు వారాలకోసారి నాలుగో వంతు మారిస్తే సరిపోతుంది.

మొదటి నెలల్లో ఇసుక మీద అక్కడక్కడా బుడగలు లేస్తాయి. సన్నని వెదురు పుల్లతో వారానికోసారి నాలుగైదు చోట్ల గుచ్చితే వాయువు బయటికి పోతుంది. కొంచెం వాసన వచ్చినా కంగారు వద్దు, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో సల్ఫైడ్ నిలవదు. ఎక్కడ గుచ్చినా కుళ్లిన గుడ్డు వాసన గుప్పున వస్తుంటే మాత్రం మట్టి మరీ మందంగానో, మరీ బలంగానో ఉన్నట్టు. అలాంటప్పుడు వేళ్లు ఎక్కువగా ఉండే వాలిస్నేరియాను గుబురుగా నాటడం మంచి మందు. గాజు పక్కన గమనిస్తే దాని పని కంటికి కనబడుతుంది. తెల్లటి వేరు నల్లటి మట్టిలోకి దిగిన కొన్నాళ్లకు దాని చుట్టూ వెంట్రుకంత సన్నని నారింజరంగు గీత పడుతుంది. వేరు వదిలిన ఆక్సిజన్ తగిలి ఇనుము మళ్లీ తుప్పుగా మారిన చోటు అది. వరి దుబ్బు వేళ్ల మీది ఎరుపూ ఇదే. ఇసుకలో దూరి తిరిగే శంఖు నత్తలు కూడా పైపొరను తిరగేస్తూ ఉంటాయి, అవి పెరిగిపోయాయంటే మేత ఎక్కువైందని అర్థం.

చేపల ఎంపికలో బోరు నీళ్లకు గప్పీలు, మోలీలు బాగా సరిపోతాయి, అవి కఠినమైన నీళ్లను ఇష్టపడతాయి. జీబ్రా డానియోలు ఈ ఉపఖండం చేపలే, మన ఎండలను తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్ ఈ ట్యాంకుకు కుదరదు, మట్టిని తవ్వుతుంది, మొక్కలను తింటుంది.

వేసవి అసలైన గండం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 32 దగ్గర 7.3 మాత్రమే పడుతుంది. అదే సమయంలో మట్టి కుళ్లే వేగం, చేప ఊపిరి వేగం పెరుగుతాయి. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులు ఆ వేళకే లేచి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకునేది ఇందుకే. ఇంట్లో ట్యాంకుకు మూత తీసి, నీటిమీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి ఎయిర్ పంపు నడపాలి. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచేది ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

రెండు మూడేళ్లకు వేళ్లతో ఎక్కువ తినే మొక్కల ఆకులు పాలిపోవచ్చు. ఎర్రమట్టిలో కొద్దిగా మాగిన వర్మీకంపోస్టు కలిపి గోళీల్లా చేసి, బాగా ఎండబెట్టి, ఒక్కొక్కటి వేళ్ల పక్కన లోతుగా గుచ్చితే మళ్లీ పుంజుకుంటాయి. ట్యాంకును మొత్తం విప్పాల్సిన అవసరం రాదు.

కత్తిరించిన కాడలు, తేలే అంతర తామర, పెద్దవైపోయిన చేపలు ఎక్కడికి పోతాయన్నది కూడా ట్యాంకు పెట్టినవాళ్ల బాధ్యతే. పాచి తింటుందని బొటనవేలంత ఉన్నప్పుడు కొనే సక్కర్ చేప అడుగుకు పైగా పెరుగుతుంది. అలా పెరిగాక జనం చెరువుల్లో వదిలేసినవీ, పెంపకాల నుంచి తప్పించుకున్నవీ కలిసి ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేపగా, డెవిల్ ఫిష్‌గా తిరుగుతున్నాయి. వాటి గట్టి ముళ్లకు జాలర్ల వలలు చిరుగుతున్నాయి, ఆ చేపకు మార్కెట్లో ధర లేదు. మొక్కల ముక్కలను ఎండబెట్టి పూలకుండీలో వేస్తే చక్కటి ఎరువు. చేపలను తిరిగి దుకాణానికో, ట్యాంకు ఉన్న తెలిసినవాళ్లకో ఇవ్వాలి. కాలువలోకి, చెరువులోకి మాత్రం ఒక్క కాడ కూడా పోకూడదు.